చేంబర్లేన్‌కి తెలియని జనం

1938 సెప్టెంబరు 27 రాత్రి బ్రిటన్ ప్రధాని నెవిల్ చేంబర్లేన్ రేడియోలో మాట్లాడాడు. అప్పటికే లండన్ పార్కుల్లో కందకాలు తవ్వుతున్నారు. జనం గ్యాస్ మాస్కులు తగిలించుకుని సరిపోయాయో లేదో చూసుకుంటున్నారు. ఎక్కడో దూరదేశంలో, మనకేమీ తెలియని మనుషులు పడుతున్న తగవు కోసం మనం ఇక్కడ ఇదంతా చేయాల్సి రావడం ఎంత ఘోరం అన్నాడాయన.

ఆ దూరదేశం చెకొస్లోవేకియా. లండన్ నుంచి ప్రాగ్‌కి విమానం వెళ్లే దూరం హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కంటే తక్కువే. అయినా బ్రిటన్ ప్రధానికి అది దూరదేశం, అక్కడివాళ్లు ముక్కూమొహం తెలియని జనం. మూడు రోజులు తిరగకుండానే మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ కూర్చుని ఆ దేశపు సరిహద్దు ప్రాంతాలను హిట్లర్‌కి రాసిచ్చేశాయి. ఎవరి భూమి ఇచ్చేస్తున్నారో వాళ్లను చర్చల గదిలోకి రానివ్వలేదు. చెక్ భాషలో దీనికి ఒక మాట స్థిరపడిపోయింది: 'ఓ నాస్ బెజ్ నాస్'. మా గురించి, మేం లేకుండా. ఇప్పటికీ యూరప్‌లో ఎక్కడ ఏ పెద్దదేశాలు తలుపులేసుకుని మాట్లాడుకున్నా చెక్ పత్రికల్లో ఈ మాట పైకి వస్తుంది.

చెక్ ప్రభుత్వం ఈ రోజు పాతికకు పైగా నగరాల్లో 'చెక్ సెంటర్' పేరుతో సాంస్కృతిక కేంద్రాలు నడుపుతోంది. కోటీ పది లక్షల లోపు జనాభా ఉన్న దేశం బెర్లిన్, పారిస్, లండన్, న్యూయార్క్, టోక్యో, సియోల్‌ల దాకా వెళ్లి సినిమాలు ఎందుకు వేస్తోంది, కవుల్ని ఎందుకు పిలుస్తోంది, భాష ఎందుకు నేర్పుతోంది అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ రేడియో ప్రసంగంలోనే ఉందని నా అభిప్రాయం. మిగతా సగం కాస్త చిక్కుముడి. సంస్కృతి ఎవరిది, దాన్ని చూపించే డబ్బు ఎవరిది, యుద్ధం వచ్చినప్పుడు రెండింట్లో ఎవరి మాట చెల్లుతుంది?

ముందు ఈ కేంద్రం అంటే ఏమిటో తేల్చుకుందాం. హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకోవడానికి గోథే జెంట్రమ్‌కి, ఫ్రెంచ్ కోసం అలయన్స్ ఫ్రాన్సేజ్‌కి వెళ్లినవాళ్లకు సుమారుగా ఊహ ఉంటుంది. వీసా ఇచ్చే చోటు కాదు. ఒక గది, కొన్ని పుస్తకాలు, సాయంత్రం క్లాసులు, అప్పుడప్పుడూ ఒక సినిమా, ఒక కచేరీ. ఫ్రెంచివాళ్లు 1883లోనే ఈ పని మొదలుపెట్టారు. బ్రిటిష్ కౌన్సిల్ 1934లో, గోథే ఇన్‌స్టిట్యూట్ 1951లో వచ్చాయి. మన ఐసీసీఆర్ (భారత సాంస్కృతిక సంబంధాల మండలి) 1950లో మౌలానా ఆజాద్ పెట్టించినది. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపలి కట్టడి వేరు. బ్రిటిష్ కౌన్సిల్ రాయల్ చార్టర్ మీద నడుస్తుంది. గోథే ఒక రిజిస్టర్డ్ సంఘం, జర్మన్ విదేశాంగ శాఖతో ఒప్పందం రాసుకుని డబ్బు తీసుకుంటుంది. అంటే ప్రభుత్వానికీ వాళ్లకూ మధ్య ఒక చేయంత ఎడం ఉంటుంది, కనీసం కాగితం మీద.

చెక్ సెంటర్లకు ఆ ఎడం తక్కువ. అవి నేరుగా విదేశాంగ శాఖ కింద ఉండే ప్రభుత్వ సంస్థ. కొంత డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది భాషా క్లాసుల ఫీజులు, హాలు అద్దెలు, భాగస్వాముల చందాలతో వాళ్లే తెచ్చుకోవాలి. ఇక్కడే గందరగోళం మొదలవుతుంది. చెక్ సాహిత్యాన్ని బయటికి తీసుకెళ్లే పని బ్ర్నో నగరంలోని మొరావియా గ్రంథాలయం కింద ఉన్న చెక్ సాహిత్య కేంద్రానిది, అది సాంస్కృతిక శాఖ చెయ్యి. విదేశీ యూనివర్సిటీలకు చెక్ పాఠాలు చెప్పే లెక్చరర్లను పంపేది విద్యాశాఖ. పర్యాటకుల్ని రప్పించే చెక్‌టూరిజం ప్రాంతీయాభివృద్ధి శాఖది, ఎగుమతులు చూసే చెక్‌ట్రేడ్ పరిశ్రమల శాఖది. ఒక చెక్ నవలా రచయిత్రిని వియన్నాకి పిలవాలంటే టికెట్ ఒకరు, హోటల్ ఒకరు, అనువాదం ఖర్చు మరొకరు. మన దగ్గర రోడ్డు ఒక శాఖ వేస్తే పైపుల కోసం ఇంకో శాఖ తవ్వినట్టు. ప్రాగ్‌లో ఎవరైనా దేశానికి 'బ్రాండ్' కావాలి అన్నప్పుడల్లా వెనకనుంచి ఈ శాఖల లెక్కలు తొంగిచూస్తూనే ఉంటాయి.

ఒక్కో కేంద్రంలో పనిచేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. లండన్‌లో ఏటా 'మేడ్ ఇన్ ప్రాగ్' పేరుతో చెక్ సినిమాల పండుగ జరుగుతుంది. ఇతరచోట్ల పిల్లలకు వారాంతపు బడి, డిజైన్ ప్రదర్శనలు, గాజు కళ, తోలుబొమ్మలు. వినడానికి చిన్న పనులు. ఈ చిన్న పనుల వెనక ఎంత చరిత్ర పేరుకుని ఉందో తెలుసుకోవాలంటే ఆ కేంద్రాలు ఉన్న భవనాలను చూడాలి.

పారిస్‌లో సెన్ నదికి ఎడమ ఒడ్డున, సాన్-జెర్మాన్ పేటలో 18, రూ బొనాపార్త్ అనే చిరునామా ఉంది. చెక్ సెంటర్‌ది అదే. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, చెకొస్లోవేకియా అనే దేశం ఇంకా పుట్టకముందే, చెకొస్లోవాక్ జాతీయ మండలి పనిచేసిన ఇల్లు అది. తొమాష్ మసారిక్, ఎద్వర్ద్ బెనెష్, మిలన్ ష్టెఫానిక్ అనే ముగ్గురు ఆ మండలిని నడిపారు. ఒకరు ఫిలాసఫీ ప్రొఫెసర్, ఒకరు సోషియాలజీ చదివినవారు, ఒకరు ఖగోళ శాస్త్రజ్ఞుడు. సొంత భూమి లేదు, పార్లమెంటు లేదు. వాళ్ల దగ్గరున్నదల్లా మాట, వ్యాసం, ఉపన్యాసం, పరిచయాలు. 'ఇలాంటి జాతి ఒకటి ఉంది' అని ఫ్రెంచివాళ్లను, ఇంగ్లిషువాళ్లను, అమెరికన్లను ఒప్పించి 1918లో దేశాన్ని సాధించారు. మిగతా దేశాలు ముందు దేశం కట్టుకుని తర్వాత సాంస్కృతిక కేంద్రాలు తెరిచాయి. ఇక్కడ వరస తిరగబడింది. పరాయి నగరంలో చేసిన ప్రచారంలోంచే దేశం పుట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే దేశం 'మనకేమీ తెలియని జనం' అయిపోవడం చెక్ మనసులో ఇంకా మానని పుండు.

1938 వేసవిలో జవహర్‌లాల్ నెహ్రూ ప్రాగ్ వెళ్లి వచ్చారు. చెకొస్లోవేకియాను ఎలా వదిలేశారో ఘాటుగా రాశారు కూడా. ప్రాగ్‌లో భారతీయ విద్యల ప్రొఫెసర్ విన్సెన్స్ లెస్నీ బెంగాలీ నేర్చుకుని టాగోర్‌ని నేరుగా చెక్‌లోకి తెచ్చినవాడు, శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పినవాడు. టాగోర్ 1921లో, 1926లో ప్రాగ్ వెళ్లారు. దూరం గురించి చేంబర్లేన్ అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇది తడుతుంది. శాంతినికేతన్‌కి తెలిసిన మనుషులు డౌనింగ్ స్ట్రీట్‌కి తెలియలేదు. తెలియడానికి కిలోమీటర్లతో పని లేదు, ఒక లెస్నీ ఉంటే చాలు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కథ మలుపు తిరిగింది. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారం పట్టారు. ఇప్పటి చెక్ సెంటర్లు తమ మూలాలుగా చెప్పుకునే కేంద్రాలు ఆ మరుసటి ఏడాదే, 1949లో, సోఫియాలోనూ వార్సాలోనూ తెరుచుకున్నాయి. సోదర సోషలిస్టు దేశాల మధ్య స్నేహం పేరుతో పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, గాజు సామాను. సోఫియాలోనో వార్సాలోనో పెరిగిన పాతతరం వాళ్లకు ఈ కేంద్రాల మీద నిజమైన అభిమానం ఉండేది, మంచి రికార్డులు దొరికే చోట్లలో అదొకటి. ఇందులో తప్పేమీ లేదు. తప్పు ఇంకోచోట ఉంది.

1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని వార్సా ఒప్పంద దేశాల ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాక దేశంలోని మంచి రచయితల్లో చాలామందికి అచ్చు కట్ అయింది. వాత్స్లావ్ హావెల్ నాటకాలు సొంత ఊళ్లో ఆడనివ్వలేదు. 1976 నుంచి వాటికి వియన్నా బుర్గ్ థియేటర్ పుట్టిల్లయింది, రాసినవాడు మాత్రం వెళ్లి చూసే వీల్లేదు. మిలన్ కుందేరా 1975లో ఫ్రాన్స్ వెళ్లాడు. 1979లో ఆయన పౌరసత్వం తీసేశారు. తిరిగి ఇచ్చింది 2019లో, ఆయనకు తొంభై ఏళ్లు వచ్చాక. యోసెఫ్ ష్క్వొరెత్స్కీ, ఆయన భార్య జ్దెనా సలివరోవా 1971లో కెనడాలోని టొరంటోలో చిన్న ప్రచురణ సంస్థ పెట్టి, సొంత దేశంలో నిషేధించిన చెక్ పుస్తకాలను చెక్‌లోనే అచ్చేశారు. ఒకవైపు ప్రభుత్వం నడిపే కేంద్రాలు 'చెకొస్లోవాక్ సంస్కృతి' బోర్డు కట్టుకుని ఉన్నాయి. ఇంకోవైపు ఆ సంస్కృతిలో అసలు సరుకు టొరంటోలో ఒక ఆఫీసులో, వియన్నాలో ఒక స్టేజి మీద ఉంది. ఇప్పుడు చెక్ సెంటర్ ఏదైనా కుందేరా మీద, హావెల్ మీద కార్యక్రమం పెట్టినప్పుడు, తమ పాత అవతారం మొహం చాటేసిన మనుషులకే వేదిక ఇస్తోంది. యిర్జీ గ్రూషా కథ ఇంకా విచిత్రం. పౌరసత్వం పోగొట్టుకుని జర్మనీలో బతికిన కవి, ప్రభుత్వం మారాక అదే జర్మనీకి రాయబారిగా నియమితుడయ్యాడు.

అయితే ఆ కాలంలో అంతా చీకటే అనుకుంటే అదీ పొరపాటే. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో చెకొస్లోవేకియా మండపం జనాన్ని కట్టిపడేసింది. సినిమా తెర మీది మనుషులూ స్టేజి మీది మనుషులూ కలిసి ఆడే 'లాతెర్నా మాగికా' అక్కడే మొదలైంది. ఆల్ఫ్రెద్ రాదొక్ దర్శకుడు, యోసెఫ్ స్వొబొదా రంగాలంకరణ. 1967లో మాంట్రియల్‌లో అయితే కథ ఎటు పోవాలో ప్రేక్షకులే బటన్ నొక్కి చెప్పే సినిమా చూపించారు. ఎన్నికల్లో ఓటుకు విలువలేని దేశం నుంచి వచ్చి ప్రేక్షకుల చేత ఓటు వేయించడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

1989లో ఆ ప్రభుత్వం కూలింది. 1993 జనవరి 1న దేశం కూడా రెండయింది, చెక్ రిపబ్లిక్, స్లోవేకియా. ఉమ్మడి ఆస్తుల్ని జనాభా లెక్కన రెండుకు ఒకటి చొప్పున పంచుకున్నారు. రాష్ట్ర విభజన తర్వాత భవన్‌ల పంపకం, ఆఫీసుల పంపకం చూసిన మనకు ఈ తతంగం వేరే చెప్పక్కర్లేదు. లండన్‌లో కెన్సింగ్టన్ ప్యాలెస్ గార్డెన్స్ దగ్గర, యాన్ బొచాన్ తదితరులు డిజైన్ చేసిన కాంక్రీటు ఎంబసీ ఉంది. బ్రిటిష్ వాస్తుశిల్పుల సంఘం 1971లో అవార్డు ఇచ్చిన కట్టడం. ఒక భాగం చెక్‌లకు, ఒక భాగం స్లోవాక్‌లకు వచ్చింది. చెక్ సెంటర్ల వ్యవస్థ ఇప్పటి రూపంలో మొదలైంది ఆ 1993లోనే. అంటే వాళ్ల మొదటి పని ప్రపంచానికి తమ పేరు మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవడం. చెకొస్లోవేకియా అన్న పేరే సరిగ్గా నోరు తిరగని లోకానికి ఇప్పుడు 'అది కాదు, మేం ఇది' అని చెప్పాలి.

న్యూయార్క్‌లో ఈ పని ఒక పాత డాన్సు హాలు సాయంతో జరిగింది. మన్‌హటన్‌లో ఈస్ట్ 73వ వీధిలో 1890ల్లో చెక్, స్లోవాక్ వలస కార్మికులు చందాలు వేసుకుని కట్టుకున్న బొహీమియన్ నేషనల్ హాల్ అది. పైన నాట్యశాల, కింద మీటింగులు, బడి. వందేళ్లకు శిథిలమైంది. బాగుచేయించాలన్న షరతు మీద వలసదారుల సంఘాలు 2001లో దాన్ని చెక్ ప్రభుత్వానికి ఒక్క డాలరుకు ఇచ్చేశాయి. 2008లో మళ్లీ తెరిచారు. అదే నగరంలో ఈస్ట్ 17వ వీధిలో సంగీతకర్త డ్వోర్జాక్ ఉండి 'న్యూ వరల్డ్' సింఫనీ కట్టిన ఇల్లు ఉండేది. అప్పటికి దేశాధ్యక్షుడైన హావెల్ స్వయంగా అడిగినా ఆగకుండా 1991లో కూల్చేశారు. ఒక ఇల్లు డాలరుకు దక్కింది, ఇంకోటి అధ్యక్షుడు అడిగినా దక్కలేదు.

ఇక బెర్లిన్. ఈ వ్యవహారం మొత్తంలో నన్ను ఎక్కువ ఆపేసేది ఈ భవనమే. విల్‌హెల్మ్ ష్ట్రాసె 44. 1970ల్లో తూర్పు జర్మనీలో ఉన్న చెకొస్లోవాక్ ఎంబసీగా కట్టారు. వేరా మఖొనినొవా, వ్లదిమీర్ మఖొనిన్ అనే దంపతులు ముఖ్య వాస్తుశిల్పులు. 1968 తర్వాత పాలకులకు గిట్టనివాళ్ల జాబితాలో చేరినా ఈ పని వాళ్ల చేతుల్లోనే పూర్తయింది. నల్లటి అద్దాలు, బరువైన కాంక్రీటు, మూలలు కోసేసిన పెట్టెలాంటి ఆకారం, అంతరిక్షం నుంచి దిగినట్టు ఉంటుంది. లోపల ఆ కాలపు ముదురు రంగులు. కొందరు బెర్లిన్‌వాసులకు అదొక వికారం, కొందరికి ఆరాధన. చెక్ సెంటర్ అందులోనే ఉంది.

ఆ స్థలం పూర్వం విల్‌హెల్మ్ ప్లాట్స్ అనే చౌకు. వీధికి అవతల హిట్లర్ ఛాన్సలరీ ఉండేది. మ్యూనిక్ తర్వాత మిగిలిన చెకొస్లోవేకియాకు అధ్యక్షుడు ఎమిల్ హాఖా అనే వృద్ధ న్యాయమూర్తి. 1939 మార్చి 14 రాత్రి ఆయన్ను ఆ ఛాన్సలరీకి రప్పించి, అర్ధరాత్రి దాటాక లోపలికి పిలిచి, సంతకం పెట్టకపోతే ప్రాగ్ మీద బాంబులు పడతాయని బెదిరించారు. ఆయన స్పృహ తప్పాడు. డాక్టరుతో ఇంజెక్షన్ ఇప్పించి లేపి మరీ సంతకం పెట్టించుకున్నారు. తెల్లవారేసరికి జర్మన్ సైన్యం దేశంలో ఉంది. ఒక దేశాన్ని ఏ వీధిలో చంపేశారో ఆ వీధికి ఇవతలి పక్క, ఆ దేశపు సినిమాలు సాయంత్రం పూట చూపిస్తున్నారు. దీన్ని ఎవరూ బోర్డు మీద రాసి పెట్టనక్కర్లేదు. బెర్లిన్‌లో ఉండేవాళ్లకు ఆ వీధి ఏమిటో తెలుసు.

ఇంతవరకు చెప్పింది జ్ఞాపకం సంగతి. ఇప్పుడు ప్రచారం సంగతి, ఎందుకంటే రెండూ ఒకటి కాదు. 2009 మొదటి ఆర్నెల్లు యూరోపియన్ యూనియన్ మండలికి అధ్యక్షత చెక్‌ల వంతు వచ్చింది. గ్యాస్ ధర మీద రష్యా, ఉక్రెయిన్ కొట్లాట, గాజాలో యుద్ధం, బ్యాంకుల సంక్షోభం, మూడూ ఒకేసారి నెత్తిన పడ్డాయి. సంప్రదాయం ప్రకారం బ్రస్సెల్స్‌లోని మండలి భవనంలో ఒక కళాకృతి పెట్టాలి. దావిద్ చెర్నీ అనే శిల్పికి అప్పగించారు. 27 దేశాల నుంచి 27 మంది కళాకారులు తమతమ దేశాన్ని చూపిస్తారని ఒప్పందం. బొమ్మల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ కిట్‌లా, విడదీసి అతికించుకునే భాగాలతో ఎనిమిది టన్నుల యూరప్ తయారైంది. పేరు 'ఎంట్రోపా'.

గోడకు ఎక్కించాక అందరికీ కళ్లు తిరిగాయి. బల్గేరియా స్థానంలో నేలమీద కూర్చునే మరుగుదొడ్డి. ఫ్రాన్స్ మీద 'సమ్మె' అని బ్యానర్. నెదర్లాండ్స్ మొత్తం నీట మునిగి పైకి మసీదు మినార్లు మాత్రమే. స్వీడన్ ఒక ఐకియా డబ్బా. రొమేనియా డ్రాక్యులా పార్కు. యూరప్‌ని ఎప్పుడూ అనుమానంగా చూసే బ్రిటన్ అసలు లేనే లేదు, ఆ చోటు ఖాళీ. చెక్ భాగంలో తమ అధ్యక్షుడు వాత్స్లావ్ క్లౌస్ వాక్కులు ఎలక్ట్రానిక్ బోర్డు మీద మెరుస్తుంటాయి. ఇంతలో ఇంకో నిజం బయటపడింది. 27 మంది కళాకారులు లేరు. పేర్లు, జీవిత విశేషాలు కల్పించినవి, మొత్తం చెర్నీ, ఆయన మిత్రులు కలిసి చేసిందే. బల్గేరియా చెక్ రాయబారిని పిలిపించి నిరసన చెప్పింది. చెక్ ఉపప్రధాని క్షమాపణ చెప్పాడు. మరుగుదొడ్డి మీద నల్లగుడ్డ కప్పారు. మార్చిలో చెక్ ప్రభుత్వమే అవిశ్వాసంలో పడిపోయింది, మేలో చెర్నీ తన శిల్పాన్ని విప్పుకుని పట్టుకెళ్లిపోయాడు.

దౌత్యం తెలిసిన ఎవరిని అడిగినా ఇది ఘోర వైఫల్యం అంటారు. బల్గేరియన్ల బాధలో న్యాయం ఉంది, ఎదుటివాడి ఇంటిని మరుగుదొడ్డిగా చూపి హాస్యం అనడం సులువు. మోసం కూడా మోసమే. కానీ ఆ అధ్యక్షత గురించి ఈరోజుకీ జనానికి గుర్తున్నది ఇదొక్కటే. దానికి ముందు ప్రభుత్వం చక్కెర ముక్కల బొమ్మతో 'యూరప్‌కి తీపి అద్దుతాం' అనే ప్రచారం చేసింది. చక్కెరను ముక్కలుగా చేయడం 1843లో చెక్ దేశపు తూర్పు ప్రాంతమైన మొరావియాలోని దాచిత్సే ఊళ్లో కనిపెట్టారు కాబట్టి ఆ ఆలోచన. ముచ్చటైన బొమ్మే. ఎవరికీ గుర్తులేదు. తమను తాము, పక్కవాళ్లనూ ఎగతాళి చేసుకునే మొరటు నవ్వు మాత్రం చెక్‌లదని చూసిన ప్రతివాడికీ అర్థమైంది. ఈ శిల్పం చెక్ సెంటర్ల పని కాదు, ప్రభుత్వం నేరుగా నెత్తికెత్తుకున్నది. కానీ ఆ కేంద్రాల్లో కూర్చునే ప్రతి డైరెక్టరుకీ ఉండే టెన్షన్ ఇదే. పై అధికారికి నచ్చేది పెడితే హాలు ఖాళీ. హాలు నిండేది పెడితే ఫోను మోగుతుంది.

ఫోను ఎంత గట్టిగా మోగగలదో చెప్పడానికి పొరుగు ఉదాహరణలే చాలు. పోలండ్‌లో 2015లో ప్రభుత్వం మారాక విదేశాల్లోని పోలిష్ ఇన్‌స్టిట్యూట్ల డైరెక్టర్లను వరసగా మార్చేశారు. 2016లో బెర్లిన్ డైరెక్టరును పదవీకాలం ముగియకముందే పంపేశారు. స్లోవేకియాలో 2024 ఆగస్టులో సాంస్కృతిక మంత్రి జాతీయ నాటకశాల అధిపతిని, జాతీయ గ్యాలరీ అధిపతిని వెంటవెంటనే తొలగిస్తే వేలమంది వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది మార్చిలో ఉక్రెయిన్ మీద అభిప్రాయభేదాలతో చెక్ ప్రభుత్వం స్లోవేకియాతో ఉమ్మడి మంత్రివర్గ సమావేశాలను ఆపేసింది. 1993 నుంచి ఇంట్లో మనుషుల్లా ఉన్న రెండు దేశాలు ఇంత ఎడముఖం పెడముఖం కావడం అరుదు. ప్రభుత్వాలు మాట్లాడుకోనప్పుడు స్లోవేకియా రాజధాని బ్రాతిస్లావాలో చెక్ సెంటర్ చూపించే సినిమా బరువు మారిపోతుంది.

మరి యుద్ధం వస్తే? చెక్‌లకు యుద్ధం 2022లో మొదలవలేదు. 2014 అక్టోబరులో తూర్పు మొరావియాలోని వ్ర్బేతిత్సే ఆయుధాగారం పేలి ఇద్దరు చనిపోయారు. డిసెంబరులో ఇంకో పేలుడు. ఇది రష్యా సైనిక గూఢచారుల పని అని 2021 ఏప్రిల్‌లో చెక్ ప్రభుత్వం ప్రకటించి 18 మంది రష్యన్ దౌత్యవేత్తలను పంపేసింది. మాస్కో 20 మంది చెక్‌లను పంపేసింది. తర్వాత రష్యా 'స్నేహం లేని దేశాలు' అని ఒక జాబితా తీసింది. అందులో మొదట ఉన్నవి రెండే, అమెరికా, చెకియా (చెక్ రిపబ్లిక్‌కే పొట్టి పేరు). మాస్కో చెక్ ఎంబసీ 19 మంది కంటే ఎక్కువ స్థానికులను పనిలో పెట్టుకోకూడదన్నారు. తోటమాలి దగ్గర్నుంచి అనువాదకురాలి దాకా లెక్కపెట్టుకునే పరిస్థితి. ఇక 2022 ఫిబ్రవరి తర్వాత మాస్కోలో సాంస్కృతిక పనికి చోటు దాదాపు లేకుండా పోయింది. బ్రిటిష్ కౌన్సిల్‌ను అయితే రష్యా 2018లోనే మూయించింది. యూరోపియన్ యూనియన్ కూడా 2022 జులైలో విదేశాల్లో 'రష్యన్ హౌస్' అనే సాంస్కృతిక కేంద్రాలను నడిపే రష్యా ప్రభుత్వ సంస్థ మీద ఆంక్షలు పెట్టింది.

రష్యన్ హౌస్‌కూ చెక్ సెంటర్‌కూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే దాటవేయకూడదు. రెండూ ప్రభుత్వ డబ్బుతో, విదేశాంగ విధానం నీడలో నడిచేవే. తేడా కార్యక్రమాల పట్టికలో కనిపించాలి. ప్రభుత్వాన్ని తిట్టేవాడికీ అందులో చోటుందా? జైలుకెళ్లిన రచయిత పుస్తకం బల్ల మీద ఉందా? ఈ పరీక్షలో 1970ల నాటి చెకొస్లోవాక్ కేంద్రాలు నెగ్గేవి కావు. ఇప్పటివి నెగ్గుతాయి. రేపటి సంగతి రేపటి మంత్రిని బట్టి ఉంటుంది. 2025 అక్టోబరు ఎన్నికల్లో అప్పటి ప్రతిపక్ష నేత ఆంద్రేయ్ బాబిష్ పార్టీ గెలిచింది. చేయంత ఎడం కూడా లేని సంస్థలకు ప్రతి ఎన్నికా ఒక పరీక్షే.

కీవ్ విషయంలో మాత్రం ఈ కేంద్రాల పని తీరే మారింది. అక్కడ చెక్ సెంటర్ ఎప్పటినుంచో ఉంది. యూరోపియన్ యూనియన్ డబ్బుతో 2019లో మొదలైన 'హౌస్ ఆఫ్ యూరప్' అనే పథకాన్ని గోథే ముందుండి నడుపుతుంటే బ్రిటిష్, ఫ్రెంచ్ సంస్థలతో పాటు చెక్ సెంటర్లు భాగస్వాములు. అందులో చెక్ పాటలు, చెక్ గాజు ఏమీ ఉండవు. ఉక్రెయిన్ కళాకారులకు ప్రయాణ ఖర్చులు, శిక్షణ, అనువాదాలకు సాయం. అంటే తమ సంస్కృతిని చూపించే సంస్థ అవతలివాళ్ల సంస్కృతి చచ్చిపోకుండా చూసే పనిలో పడింది. అదే సమయంలో మూడు లక్షలకు పైగా ఉక్రెయిన్ శరణార్థులు చెకియాలో ఉన్నారు, జనాభా లెక్కన చూస్తే యూరప్‌లో ఎక్కువ భారం మోసిన దేశాల్లో అదొకటి. 'మనకేమీ తెలియని జనం' అనే మాట ఇప్పుడు ఇంకొకరి గురించి అనకుండా ఉండటమే తమ వంతు అన్నట్టు 2022 రెండో అర్ధభాగంలో మళ్లీ వచ్చిన అధ్యక్షతకు చెక్‌లు 'యూరప్ ఒక కర్తవ్యం' అని పేరు పెట్టుకున్నారు. ఈసారి చక్కెర ముక్కలు లేవు. ఆ మాట హావెల్ 1996లో జర్మనీలోని ఆహెన్‌లో చేసిన ప్రసంగం నుంచి తీసుకున్నది.

అన్నిచోట్లా ఇంత గంభీరంగా ఉండదు లెండి. 2018లో జెరూసలేంలో 'చెక్ హౌస్' తెరిచారు. అప్పటి అధ్యక్షుడు మిలోష్ జెమన్‌కి ఎంబసీని అక్కడికి మార్చాలని పట్టుదల, ప్రభుత్వానికి యూరోపియన్ యూనియన్ విధానం అడ్డం. మధ్యేమార్గంగా చెక్ సెంటర్‌ను, వ్యాపార, పర్యాటక ఆఫీసులను అక్కడ పెట్టారు. సినిమా పోస్టర్లు దౌత్యంలో కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడానికి పనికొచ్చాయి.

డబ్బు దగ్గర పెద్దవాళ్లకూ ఊపిరాడడం లేదు. గోథే 2023లో తొమ్మిది శాఖలు మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ జాబితాలో వాషింగ్టన్ కూడా ఉంది. యూరప్ సంస్థలన్నీ 2006 నుంచి యూనిక్ అనే గొడుగు కింద కలిసి పనిచేస్తున్నాయి, చిన్న దేశాలకు ఒంటరిగా హాలు అద్దెకు తీసుకోవడం కష్టం కాబట్టి అది మంచిదే. చెక్‌లకు క్యాలెండర్ కూడా సాయం చేస్తుంది. స్మెటానా పుట్టింది 1824, డ్వోర్జాక్ పోయింది 1904, యానాచెక్ పుట్టింది 1854. అందుకే నాలుగుతో ముగిసే ప్రతి ఏడాదీ వాళ్లకు 'చెక్ సంగీత సంవత్సరం'. పదేళ్లకోసారి ఆర్కెస్ట్రాలన్నీ ఒకే మాట మీద ఉంటాయి. పుస్తకాల విషయంలో 2019లో లైప్‌జిగ్ పుస్తక ప్రదర్శనకు అతిథి దేశం, 2026లో ఫ్రాంక్‌ఫర్ట్‌కి. అతిథి దేశమంటే వేదిక మీద పూలదండ కాదు. ఆ ఏడాదిలోగా పదుల కొద్దీ పుస్తకాలు జర్మన్‌లోకి వెళ్లి అచ్చయి షాపుల్లో ఉండాలి. అంటే రెండు మూడేళ్ల ముందే అనువాదకులను వెతకాలి, వాళ్లకు డబ్బివ్వాలి, ప్రచురణకర్తను ఒప్పించాలి. ఒక భాష నుంచి ఇంకో భాషలోకి నేరుగా చేయగలిగినవాళ్లు ఎంత తక్కువమందో తెలుగు పుస్తకాన్ని బయటికి పంపాలని ప్రయత్నించిన ఎవరికైనా తెలుసు. సాంస్కృతిక కేంద్రం చేసే పనుల్లో కచేరీ కంటే, ప్రదర్శన కంటే ఇదే విలువైనదని నా లెక్క. కచేరీ ఆ రాత్రితో అయిపోతుంది. భాష నేర్చుకుని అనువాదకురాలైన అమ్మాయి నలభై ఏళ్లు పనిచేస్తుంది.

ఇంకో వాదన కూడా ఉంది. లోకమంతా వ్యాపించిన చెక్ సరుకులో ఎక్కువ భాగం ఏ కేంద్రమూ పంపకుండానే వెళ్లింది. మనం రోజూ అనే 'రోబో' చెక్ మాట. కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంలోంచి వచ్చింది, ఆ మాట సూచించింది ఆయన అన్న యోసెఫ్. 'రొబొత' అంటే దొర పొలంలో కూలి లేకుండా చేయాల్సిన పని. తెలంగాణలో దానికి వెట్టి అని సరిగ్గా సరిపోయే మాట ఉంది. రజనీకాంత్ రోబో చూసి ఈల వేసినవాళ్లలో వెట్టి అన్న మాట తలచుకున్నవాళ్లు ఉండరు. చాపెక్ మ్యూనిక్ ఒప్పందం జరిగిన మూడు నెలల్లోపే, 1938 డిసెంబరు 25న చనిపోయాడు. యోసెఫ్ 1945లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో పోయాడు. మాట మిగిలింది, దాని వెనక మనుషులు లోకానికి తెలియలేదు. వస్తువు దానంతటది వెళ్తుంది, చిరునామా చెప్పడానికే మనిషి కావాలి.

జూన్‌లో బడి తెరిచేముందు నల్ల బూట్ల కోసం బాటా షాపుకి వెళ్లిన తరాలు మనవి. అది కలకత్తా కంపెనీ అనే మనలో చాలామంది నమ్మకం. 1934లో బాటానగర్ కట్టినవాళ్లు మొరావియాలోని జ్లీన్ నుంచి వచ్చారు. హైదరాబాద్ శివార్లలో రామచంద్రపురం బీహెచ్ఈఎల్ 1960ల్లో మొదలైంది చెకొస్లోవేకియా సాయంతోనే. ప్రాగ్‌లో సాంకేతిక విశ్వవిద్యాలయం సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు రోజూ క్లాసులకు వెళ్లే వీధి పేరు థాకురోవా. ఠాకుర్ వీధి అని. ఎర్ర పలక మీద తెల్ల అక్షరాలతో ప్రాగ్‌లోని ఏ వీధి పేరులాగానో ఉంటుంది, ట్రామ్ దిగినవాళ్లు దాని కిందనుంచే హడావిడిగా నడిచిపోతుంటారు.